ఒంటె సినిమా పదో పాట

ఎమ్మిగనూరులో జయరాజు ఇల్లు. జనం పాటలు నింపించుకోవడానికి ఖాళీ క్యాసెట్లు పట్టుకుని తిరిగిన కాలంలో ఆ ఇంటి ముందుగదే రికార్డింగు కొట్టు. ఇప్పుడు అందులో బియ్యం మూట, చెడిపోయిన మిక్సీ, బట్ట కప్పిన పాత టేప్‌రికార్డరు ఉన్నాయి. ఆదోని నుంచి పొద్దున బస్సుకే వచ్చిన మధుసూదన్‌కు కూర్చోవడానికి కుర్చీ అయితే దొరికింది గానీ, మర్యాద ఇంకా దొరకలేదు.

"అది కాదన్నా, నేను చెప్పేది సాంతం విను."

"ఇన్న్యా. రొండు తూర్లు ఇన్న్యా. ఆ ఇంగిలీసు బ్యాండు పేరేందన్న్యావు?"

"కాపర్ కెటిల్స్."

"అంటే రాగిచెంబు."

"చెంబు కాదన్నా, కెటిల్ అంటే..."

"నీళ్ళు కాసుకునేదే గదా. రాగిచెంబే. ఆ రాగిచెంబోళ్ళు ఏందో ఒగ సినిమాకు పాటలు కట్టినారు. ఆ సినిమాలో ఒగడు ఎడారిలో ఒంటెను పోగొట్టుకోని ఎతుకుతాంటాడు. అంతేనా?"

"అంతే."

"దొరికిందా?"

"ఏంది?"

"ఒంటె."

"నాకేం తెలుసన్నా, ఆ సినిమా ఎవరూ చూడలేదు. వాళ్ళ దేశంలోనే వారం ఆడలేదంట."

"సినిమా ఎవురూ సూడల్యా. పాటలు ఎవురూ ఇనల్యా. నువ్వు మాత్రం ఆదోనిలో బస్సెక్కి వచ్చి, నా ఇంట్లో కూసోని, గొప్పది గొప్పది అంటాండావు."

"అందుకే అంటాండా. ఆ బ్యాండు మిగతా ఆల్బమ్‌లకు లోకమంతా దండాలు పెడ్తాది. దీన్ని మాత్రం సవతి బిడ్డ మాదిరి మూలకేసినారు. వాళ్ళ చరిత్ర రాసినాయన ఇంత లావు పుస్తకం రాసి, దీనికి రెండే రెండు వరుసలు ఇచ్చినాడన్నా. 'సినిమా కోసం తొందర తొందరగా చుట్టేసిన పాటలు' అని. చుట్టేసినారంట. ఆ మాట తలుచుకుంటే నాకు కడుపు మండుతాది."

"సుట్టేసిందే సామీ. నేను నింపినా గదా, నాకు తెల్దా? మొదటి పాట వట్టి గాలి. రొండోది ఇంగ రొంచెం గాలి. మూడోదాంట్లో ఎవడో గిటారు తీగెలు బిగించుకుంటాంటాడు. బిగించేది అయిపోయేకొద్దికి పాట గూడ అయిపోతాది."

"అది తీగెలు బిగించడం కాదన్నా. అది ఎడారి."

"ఎడారి అయితే ఇసక సప్పుడు రావాల."

"ఇసక్కి చప్పుడు ఉంటాదా?"

"మల్ల పాట యాలప్పా?"

"నీతో వాదించడం నా వల్ల కాదు."

"ఆదోనోళ్ళంతా ఇంతే. ఎవురూ కొనని సరుకు మీకే కనబడ్తాది, మీకే నచ్చుతాది."

"సరే. ఆ తొమ్మిది పాటలు నీకు నచ్చలేదు. పోనీ. నేను వచ్చింది పదోదాని కోసం."

"పదోది యాడుంది?"

"అందరూ అదే అడుగుతాండారన్నా. అదే నా ఖర్మ. ఫేస్‌బుక్కులో ఈ బ్యాండంటే పడిచచ్చేవాళ్ళ గ్రూపు ఒకటుంది. వేలమంది. అన్ని దేశాలవాళ్ళూ ఉండారు. మన పక్కనించి నేనొక్కణ్ణే. అక్కడ రాసినా, ఈ ఒంటె సినిమా ఆల్బమే వీళ్ళు చేసిన వాటన్నిట్లోకీ గొప్పది, పదో పాట ఒక్కటి చాలు అని. బర్మింగ్‌హామ్ ఆయన ఒకడు వెంటనే లేచినాడు. పదో పాట ఏంది, ఉండేదే తొమ్మిది అన్నాడు. కాదు పది అన్నా. తొమ్మిది అన్నాడు. నాకు రేగింది."

"రేగితే?"

"రాఘవేంద్రస్వామి మీద ఒట్టేసి చెప్తాండా, పది ఉండాయి అని ఇంగ్లీషులో రాసినా."

"వాళ్ళకు ఆ సామి ఎవురో తెల్సునా?"

"ఆయన బ్యాండులో ఏం వాయిస్తాడని ఒకాయన అడిగినాడు."

"నవ్వద్దంటే ఎట్లప్పా."

"నవ్వుకో. వాళ్ళకు తెలీదు, నాకు తెలుసు గదా. మంత్రాలయం ఏ ముఖం పెట్టుకోని పోయేదన్నా ఇంక? పంతానికి పోయి అసలు రికార్డే తెప్పించినా. వచ్చింది. అటు తిప్పి ఇటు తిప్పి చూసినా."

"ఎన్ని?"

"తొమ్మిది."

"మల్ల యాడికి వచ్చినట్ల ఇది?"

"నీ దగ్గరికి వచ్చినట్ల. నువ్వు నింపిచ్చిన క్యాసెట్టులో పది ఉండాయి. ఈ పొద్దు సాయంత్రం లోపల రుజువు చూపించకపోతే నన్ను గ్రూపులోంచి తీసేస్తారంట. ఉత్త తీసేయడం కాదు, అబద్ధాలకోరు అని అందరికీ చెప్పి తీసేస్తారంట. ఇంట్లో నా భార్య నాగవేణి నవ్వుతాది, ఏం కాలేదు. నా కొడుకు కిరణ్ నవ్వుతాడు, ఏం కాలేదు. కాలేజీ నుంచి ఇప్పటిదాకా ఒకే మాట మీద నిలబడినోణ్ణి. పిచ్చోడంటే పడినా. అబద్ధాలకోరు అంటే మాత్రం ఓర్సుకోలేకపోతాండానన్నా. నిన్న అన్నం గూడ సయించలేదు."

"నేనేం సేసేది దీనికి?"

"నీ దగ్గరుండిన రికార్డు చూపించు. దాంట్లో పది ఉండుంటాయి. వేరే దేశంలో వేరే మాదిరి అచ్చేసింటారు, అట్ల చేస్తారు. గుంతకల్లు రైల్వే కాలనీలో ఎవరో ఇల్లు ఖాళీ చేసి పోతాంటే కొన్నావు గదా."

"కొన్న్యా. పెట్టెడు రికార్డులూ, ఒగ కుర్సీ. కుర్సీ ఇదే, నువ్వు కూసున్న్యావే."

"కుర్చీ సంగతి వద్దు. రికార్డు ఏమైంది?"

"ఎండకు వంగిపాయ."

"వంగినా పర్వాలేదు. ఎక్కడుంది?"

"నా పెండ్లాం సువార్త నీళ్ళకుండ మీద మూత పెట్టుకున్న్యాది."

"మూతా?"

"బాగ కుదిరింది. నడుమ బెజ్జం ఒగటే గదా, సన్నది. దాంట్లోంచి పురుగు గూడ దూరదు. శానా ఏండ్లు వచ్చింది. కుండ పగిలినప్పుడు అది గూడ పాయ."

"అన్నా, నువ్వేం చెప్తాండావో నీకు తెలుస్తాండాదా?"

"తెలుస్తాండాది. నీ పదో పాట నీళ్ళ పాలాయ అంటాండా."

"టీ తాగప్పా మధూ. ఈయప్ప మాటలు ఇంటా కూసుంటే సల్లారిపోతాది."

"పెట్టక్కా. సువార్తక్కా, నువ్వన్నా చెప్పు. ఆ కాలంలో అన్న ఈ క్యాసెట్లు ఎట్ల నింపేవాడు? ఆ బర్మింగ్‌హామ్ ఆయన అదీ అడిగినాడు. ఏ మిషను, ఏ పద్ధతి అని."

"మిషనా? నన్నడుగు, సెప్తా."

"నువ్వు లోపలికి పో సువార్తా. కూర మాడిపోతాది."

"కూర ఇంగా పెట్టనే లే. ఇను మధూ. ఈయప్పకు వైరు కొనే యోగం లే. రికార్డు ఆడిచ్చే బాక్సు ముందర టేప్‌రికార్డరు పెట్టి, బటను నొక్కేది. బాక్సులోంచి వచ్చే పాట గాలిలోంచి పోయి దాంట్లో పడాల. పాటతో పాటు ఇంకేం సప్పుడు వచ్చినా అదీ పడ్తాది. అందుకని మమ్మల్ని నోరు మూసుకోమనేది."

"గిరాకీ సెడిపోతాది గదా మల్ల."

"పొయ్యి ఊదకూడదు. రోట్లో పచ్చడి నూరకూడదు. బిందె దించకూడదు. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకోవాల. మా అత్త పోయిన పొద్దు గూడ ఏడ్సేవాళ్ళను రొంతసేపు ఆగమన్న్యాడు."

"అది పెండ్లోళ్ళ క్యాసెట్టు. సాయంత్రానికి ఇయ్యాలని."

"సచ్చింది మీ యమ్మే గదా."

"పాట సగంలో ఉండిందే."

"ఇట్ల ఉంటాది మధూ. ఎనిమిది గంటలకు మొదులు పెడితే దీపాలు పెట్టే దాకా నా ఇల్లు మూగిల్లు. వచ్చిన కొత్తలో పక్కింటి హుసేనమ్మ నన్ను నిజంగానే మూగది అనుకున్న్యాది. నాతో సైగలు సేసేది."

"సరే, సెప్పినావు గదా. పో."

"పోతాండాలే. గ్లాసులు ఈణ్ణే పెట్టండి."

"విన్నాను అన్నా. బాధగా ఉంది గానీ, నాకు కావాల్సింది అది కాదు. రికార్డు లేదు. అయితే ఈ క్యాసెట్టే దిక్కు. నువ్వే విని చెప్పు. అది ఆ బ్యాండు పాటే, నేనే నింపినా అని నువ్వొక మాట ఫోనులో చెప్తే, అది రికార్డు చేసి గ్రూపులో పెడ్తా."

"మల్ల ఇంగోటి ఉండాది మధూ. క్యాసెట్టులో జాగా మిగిలితే నేను ఉత్తగ ఇచ్చేవాణ్ణి కాదు. గిరాకీ మనిషి దుడ్డు ఇచ్చినాడు గదా, పాపం అని ఏదో ఒగటి నింపేది. దేవుని పాటో, బుర్రకత ముక్కో. అది అయ్యింటాది."

"బుర్రకథకూ దీనికీ తేడా తెలీనోణ్ణా నేను?"

"తెల్దు. ఒంటె పాటలు నచ్చినోనికి ఏం తెలుస్తాది?"

"అన్నా, ఆ పాట ఎట్లుంటాదో చెప్తా విను. మొదట టక్ అని ఒక్క డ్రమ్ము దెబ్బ. అంతే. ఆగుతాది. మళ్ళా టక్. మిగతా పాటల్లో ఆ డ్రమ్మరు ఇల్లు కూలగొట్టినట్ల వాయిస్తాడు. దీంట్లో మాత్రం ఒకటే దెబ్బ. ఎంత నిగ్రహం కావాల దానికి. దానిపైన ఒక ఆడగొంతు. మాటలుండవు, ఉత్త కూనిరాగం. అరబ్బు దేశం ఆమె అయ్యింటాదని నా అనుమానం, ఎడారి గదా. ఆ గొంతులో ఉండే సంతోషం ఉందే, అది నేను ఇంకెక్కడా వినలేదన్నా. మా నాయన కాలం చేసిన వారం విన్నా. నూలు మిల్లు మూసేసి మమ్మల్నందర్నీ ఇంటికి పంపిన పొద్దు విన్నా. విన్నాకే లేచి ముఖం కడుక్కున్నా. లోకంలో ఎవరో ఒకరు ఇంత సంతోషంగా ఉండారు గదా, మనకూ ఏదో ఒకటి అవుతాదిలే అనిపించేది."

"అంతదా?"

"అంతది."

"పట్రా సూద్దాం. ఆ బట్ట తియ్యి. టేప్‌రికార్డరు ఇంగా తిరుగుతాది. దుమ్ము ఊదు, గట్టిగ ఊదు. నా ముఖం మీదికి కాదు."

"పదోదాని దగ్గరికే తిప్పిపెట్టి తెచ్చినా. తొమ్మిదోది చివర్లో ఉంటాది. వెయ్యి."

"ఏసినా. ఇదేంది, ఈ గురగుర?"

"తొమ్మిదో పాట. ఒంటె నీళ్ళు తాగడం."

"పాపం, బ్యాండు ముందరే సచ్చింటాది అది."

"ఉష్. అయిపోయింది. ఇంక వస్తాది. విను... టక్. విన్నావా?"

"ఇన్న్యా."

"మళ్ళా... టక్. ఎంత నిగ్రహమో చూడు."

"అది ముల్లు."

"ఏ ముల్లు?"

"రికార్డు మీద తిరిగే ముల్లు. పాటలు అయిపోతే లోపలి గాడిలోకి పోయి ఆడ్నే తిరుగుతాంటాది. ఎవురన్నా ఎత్తేదాకా టక్కు టక్కు అంటానే ఉంటాది. నేను ఎత్తల్యా. రికార్డు తిరగేసి, బటను నొక్కి, బస్టాండు కాడ హోటల్లో టీకి పోయేది నాకు అలవాటు."

"డ్రమ్మరు కాదా?"

"డ్రమ్మరు ఆ పొద్దుకు ఇల్లు సేరుకోనింటాడు."

"ముల్లే అనుకుందాం. కావాలనే అట్ల పెట్టింటారు. వాళ్ళు అట్లాంటివి చేస్తారు. ఇప్పుడు ఇది విను, గలగలమని. సింబల్స్, ఇత్తడి తాళాలు. దీన్నేమంటావు?"

"స్టీలు గ్లాసులు."

"ఎట్ల చెప్తావన్నా అంత నమ్మకంగా?"

"నువ్వు ఇప్పుడు టీ తాగినవి అవే. మా పెండ్లికి పెట్టినవి. సొట్ట పడిన గ్లాసు ఒగటుంది, దాని సప్పుడు బొంగురుగ వస్తాది. ఆ, అదే."

"ఈ దబ్‌మనేది?"

"ట్రంకుపెట్టె మూత. దాని సీల ఊడిపోయింది, ఎప్పుడు సూడు దబ్బున పడ్తాది."

"నీ ఇంటి సామాను కాపర్ కెటిల్స్ ఆల్బమ్‌లోకి ఎట్ల వచ్చిందన్నా?"

"నా ఇంట్లోనే గదా నింపింది."

"వద్దు. ఇంక నువ్వేం చెప్పద్దు. ఇప్పుడు గొంతు వస్తాది. దీనికి ఏం వంక పెడ్తావో చూస్తా. అదిగో... విన్నావా? ఆ పైకి పోయి, అట్ల దిగుతాది చూడు. ఇక్కడ చిన్నగా నవ్వుకుంటాది గూడ. అన్నా? ఏందన్నా అట్లయిపోతివి?"

"ఆపద్దు. తిరగనీ."

"ఏమైంది?"

"సువార్తా. ఓ సువార్తా. బిరీన రా ఈడికి."

"యాల అట్ల అరుస్తావు? ఇప్పుడే గదా పొమ్మంటివి. సేతినిండా పిండి..."

"ఇది ఇను."

"ఏంది ఇనేది?"

"ఇను సెప్తా. ఎవురిది గొంతు?"

"నాది గదా."

"అక్కా?"

"నాదేప్పా. ఇది మీ కాడికి ఎట్ల వచ్చింది? ఇది నేను యాడ పాడినా?"

"ఈ గదిలోనే పాడినావు. రికార్డు అయిపోయింది గదా, ఇంగ మాట్లాడొచ్చు అనుకున్న్యావు. టేపు తిరుగుతానే ఉండింది."

"ముప్పై ఏండ్లు దాటింది అక్కా నేను ఇది వినబట్టి. అరబ్బు ఆమె అనుకున్నా. ఆమె పేరు కోసం ఎన్ని పుస్తకాలు తిరగేసినానో నీకు తెలీదు."

"అరబ్బు ఆమె ఎవురు?"

"ఎవరూ లేరక్కా. ఎవరూ లేరు. అయితే అన్నా, పదో పాట వాళ్ళది కాదు."

"కాదు."

"బర్మింగ్‌హామ్ ఆయన చెప్పిందే నిజం."

"నిజమే."

"మరి ఆల్బమ్?"

"సుట్టేసిందే. నేను సెప్పల్యా?"

"మీ ఇద్దరి దగ్గర దాపరికమేంది. ఆ తొమ్మిదీ నేను సరిగ్గా వినిందే లేదన్నా. కాలేజీలో ఉన్నప్పుడు ఒక తూరి సాంతం విన్నా, అంతే. తర్వాత ఎప్పుడైనా పెన్సిలు పెట్టి తిప్పి తిన్నగా పదోదానికే పోయేవాణ్ణి."

"మల్ల అంత గట్టిగ వాదిస్తాంటివే?"

"పదోది ఇంత బాగుంటే తొమ్మిదీ బాగుండవా అనుకున్నా."

"పాపం మధూ. ఏడ్సద్దప్పా. ఒంటె పాటలకు ఏడ్సేదేంది."

"ఏడవడం లేదక్కా. ఇప్పుడు వాళ్ళకు ఏం రాసేది? ఒట్టు ఏం కావాల?"

"ఒట్టుకేమప్పా. క్యాసెట్టులో పది ఉండాయి అన్న్యావు, పది ఉండాయి. ఉండే మాట రాయి. పదో పాట పాడింది సువార్తమ్మ, ఎమ్మిగనూరు అని. నా పెండ్లాం అని గూడ రాయి. రికార్డింగు జయరాజు అని కింద పెద్దగ ఎయ్యి."

"రాయనా అక్కా? వాళ్ళు నవ్వితే నవ్వనీ. నీ గొంతు వాళ్ళకు వినిపిస్తా. అబద్ధాలకోరు అన్న నోరు అదే మూతబడతాది."

"నాకేందప్పా. రాసుకో."

"సూడు మధూ, ఇంగా వస్తాండాది పాట. ఎంత సంతోషంగ ఉండిందో సూడు మా ఇంట్లో. పెండ్లయిన కొత్త. ఇందాక అది సెప్పిందంతా ఇన్న్యావు గదా, పొయ్యి ఊదనియ్యల్యా, దగ్గనియ్యల్యా అని. అట్లాంటి మనిషి ఇట్ల పాడ్తాదా? నేను అట్ల సూసుకున్న్యా. రాయి అది గూడ."

"నేనూ అదే అడగాలనుకుంటాండా అక్కా. ఆ సంతోషం. ఆ పొద్దు ఏమైంది?"

"ఏం లే. వదిలెయ్యి."

"సెప్పు సువార్తా. సిగ్గేంది? రాసుకుంటాడు."

"వద్దులే. పిండి ఎండిపోతాది."

"సెప్పమంటాండా గదా. ఇంగ్లండోళ్ళు ఇంటారు."

"సెప్పాలనా?"

"సెప్పాల."

"గ్లాసులు ఆ పెట్టెలో యాల పెడ్తాంటినో సెప్పు సూద్దాం."

"యాల?"

"మా యమ్మ పెట్టిన గ్లాసులు గదా. మా యమ్మ ఇంటికే ఎత్తకపోదామని. కోడుమూరు బస్సుకు. నా సీరలు, గ్లాసులు, ఆ పెట్టె. ఇంగ ఈ ఇంటికి మల్ల రాకూడదని. కొంగు నోట్లో కుక్కుకునే బతుకు వద్దని. అట్ల అనుకున్న్యాక పాట దానంతట అదే వచ్చిందప్పా. నేను పాడాలని పాడల్యా."

"సువార్తా... నువ్వు ఇంతవరకూ ఒగ మాట సెప్పల్యా."

"ఎప్పుడు సెప్పేది? నువ్వు రికార్డింగులో ఉంటివి."

"అక్కా, పాట ఆగిపోయింది. ఇక్కడే ఆగుతాది ఎప్పుడూ, మధ్యలో కోసినట్ల. అంత సంతోషంగా పాడ్తాండినదానివి, ఎందుకు ఆపేసినావక్కా?"

"హోటల్లో పాలు ఇరిగిపోయినాయంటప్పా. ఈయప్ప తొందరగ ఇంటికొచ్చేసినాడు."